నిఘా, మేధ: ఇంటెలిజెన్స్ అనే ఒక్క మాట తెలుగులో ఎందుకు రెండయింది?

సంక్షిప్తంగా: గూఢచర్యానికీ, మనిషి తెలివికీ, ఏఐకీ ఇంగ్లీషులో ఒకటే మాట. లాటిన్‌లో ఏరుకోవడం అనే అర్థం నుంచి పుట్టిన ఈ మాట మొదట గ్రహించే శక్తికి పేరైంది. తర్వాత అందిన సమాచారానికి, ఇరవయ్యో శతాబ్దంలో పరీక్షలు ఇచ్చే అంకెకు, చివరికి యంత్రానికి పేరైంది. తెలుగు పత్రికలు దీన్ని నిఘా, మేధ అని విడదీసి రాస్తున్నాయి. ఆ విభజన ఎలా వచ్చింది, దానివల్ల ఏది తేటపడుతుంది, ఏది మరుగున పడుతుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

'నిఘా వర్గాల హెచ్చరిక' అని ఒక వార్త, 'కృత్రిమ మేధతో ఉద్యోగాలకు ముప్పు' అని ఇంకో వార్త తెలుగు పత్రికలో ఒకే పేజీలో కనిపించడం ఇప్పుడు మామూలైంది. తెలుగులో చదివేవారికి ఈ రెంటికీ చుట్టరికం ఉందని తోచదు. ఇంగ్లీషు పత్రికలో మాత్రం రెండు చోట్లా ఇంటెలిజెన్స్ అనే ఉంటుంది.

మాట్లాడే తెలుగులోనూ ఈ చీలిక ఉంది. 'వాడు చాలా ఇంటెలిజెంట్' అంటే మార్కులు బాగా వచ్చే పిల్లవాడు గుర్తొస్తాడు. 'ఇంటెలిజెన్స్ వాళ్లు వచ్చి అడిగి వెళ్లారు' అంటే మఫ్టీలో ఉన్న పోలీసులు గుర్తొస్తారు. ఇంగ్లీషు నుంచి ఒకే మాటను తెచ్చుకుని, చివరి అక్షరాల తేడాతో రెండు పనులకు పంచేశాం. ఏఐ వచ్చాక ఈ పంపకం సరిపోవడం లేదు. యంత్రానికి ఉన్నది ఏ ఇంటెలిజెన్స్ అన్న ప్రశ్న అందరి నోటా ఉంది. ఆ ప్రశ్న తేలాలంటే మాట నడిచిన దారి చూడాలి.

## బియ్యంలో రాళ్లు ఏరినట్టు

లాటిన్‌లో ఇంటెల్లెగెరె అనే క్రియ ఉంది. 'ఇంటర్' అంటే మధ్య, 'లెగెరె' అంటే ఏరడం, పోగుచేయడం. వాటి మధ్య నుంచి ఏరుకోవడం అన్నది మొదటి బొమ్మ. చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరే చెయ్యి చేసేది సరిగ్గా ఈ పనే. రెంటికీ తేడా పట్టుకోవడం, ఒకదాన్ని ఉంచి ఇంకొకదాన్ని తీసేయడం. అక్కడి నుంచి ఆ క్రియకు అర్థం చేసుకోవడం అనే భావం వచ్చింది.

లెగెరెకు చదవడం అనే అర్థం కూడా ఉంది. అక్షరాలను ఏరుకుంటూ పోవడమే చదువు. అదే మూలం నుంచి వచ్చిన ఇంగ్లీషు మాటలు మన నోట్లో రోజూ నలిగేవే: కలెక్ట్, సెలెక్ట్, ఎలక్షన్, లెక్చర్. గ్రీకులో మాట అనీ, తర్కం అనీ అర్థమిచ్చే 'లోగోస్' కూడా ఈ కుటుంబంలోదే. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది 'ఎంచు'. ఎంచుకోవడం అంటే ఏరుకోవడం, ఎంచి చూడటం అంటే ఆలోచించడం. ఏరడానికీ ఆలోచించడానికీ మధ్య దారి లాటిన్ వాళ్లకు మాత్రమే తట్టింది కాదన్నమాట.

## దేవదూతలు, ఓడలు, వేగులవాళ్లు

మధ్యయుగాల ఐరోపాలో ఈ మాటకు ఇప్పుడు వింతగా అనిపించే అర్థం ఒకటి ఉండేది. ఆకాశంలో గోళాలను తిప్పే, శరీరం లేని శక్తులను 'ఇంటెలిజెన్సులు' అనేవారు. ఇబ్న్ సీనా వంటి తత్వవేత్తల అరబ్బీ రచనల్లో ఆ శక్తులకు వాడిన మాట 'అఖ్ల్'. ఆ రచనలు లాటిన్‌లోకి వచ్చినప్పుడు దానికి ఇంటెలిజెన్స్ అనే అనువాదం కుదిరింది. మనం దేవదూతలు అనేవారిని అరబ్బీ నుంచి అనువదించిన కొన్ని గ్రంథాల్లో ఇంటెలిజెన్సులు అంటున్నారని పదమూడో శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ రాశాడు. మనిషి కాని దానికి ఇంటెలిజెన్స్‌ను అంటగట్టడం కంప్యూటర్లతో మొదలైన పని కాదు.

ఇంగ్లీషులోకి ఈ మాట 14వ శతాబ్దం చివర, ఫ్రెంచి మీదుగా, గ్రహించే శక్తి అనే అర్థంతో వచ్చింది. పదిహేనో శతాబ్దంలో దానికి వార్త, సమాచారం అనే అర్థం తోడైంది. ఈ మలుపే నేటి గందరగోళానికి మూలం. అర్థం చేసుకునే శక్తికి పెట్టిన పేరు, అర్థం చేసుకోవడానికి అందిన సరుకుకు కూడా పేరైపోయింది. చెయ్యికీ, చేతికి చిక్కిన గింజకూ ఒకటే పేరు పెట్టినట్టు.

ఆ రోజుల్లో వార్తలు మోసేవాడినీ, రహస్యాలు మోసేవాడినీ ఇద్దరినీ 'ఇంటెలిజెన్సర్' అనే పిలిచేవారు. ఒకటో ఎలిజబెత్ రాణి కార్యదర్శి ఫ్రాన్సిస్ వాల్సింగ్‌హామ్ నడిపిన వేగు వ్యవస్థ 1586లో స్కాట్లండ్ రాణి మేరీ ఉత్తరాలను బీరు పీపాల దగ్గర పట్టుకుని, సంకేతలిపి విప్పి, ఎలిజబెత్ హత్యకు పన్నిన బాబింగ్టన్ కుట్రను బయటపెట్టింది. ఉత్తరం దొరకడం సమాచారం. సంకేతలిపి విప్పి, దానిలోని మాటకు బరువు కట్టడం ఇంకో పని. ఇంగ్లీషు ఈ రెంటినీ కలిపి ఇంటెలిజెన్స్ అంది.

రహస్యం లేని వార్తకు కూడా చాలాకాలం ఈ పేరే ఉండేది. చెన్నపట్నం, కలకత్తాల్లో వెలువడిన వలసపాలన నాటి ఇంగ్లీషు పత్రికల్లో 'షిప్పింగ్ ఇంటెలిజెన్స్' అనే శీర్షిక కింద ఏ ఓడ వచ్చింది, ఏది వెళ్లింది అని వేసేవారు. అమెరికా రాజధానిలో 1800లో మొదలైన పత్రిక పేరు 'నేషనల్ ఇంటెలిజెన్సర్'. క్రమంగా వార్తకు న్యూస్ అన్నదే స్థిరపడి, ఇంటెలిజెన్స్ సైన్యం, పోలీసుల చేతుల్లోకి వెళ్లింది. మన ఇంటెలిజెన్స్ బ్యూరో తన మూలాలను 1887 నాటి వలస ప్రభుత్వ విభాగంలో చూసుకుంటుంది.

ఇతర భాషలు ఈ రెంటినీ ఇలా కలిపేయలేదు. ఫ్రెంచి వాళ్లకు తెలివి 'ఎంతెలిజాన్స్', గూఢచారుల సమాచారం 'రాన్సేన్యమా'. జర్మనీ గూఢచార సంస్థ పేరులోని 'నాఖ్‌రిఖ్టెన్' అనే మాట టీవీ వార్తలకు వాడేదే. జపాన్‌లో 'జోహో' మామూలు సమాచారానికీ, గూఢ సమాచారానికీ చెల్లుతుంది గానీ తెలివికి చెల్లదు. నిఘా, మేధ అని విడదీసుకున్న తెలుగు ఈ లెక్కన ఎక్కువ భాషల బాటలోనే ఉంది. విడ్డూరం ఇంగ్లీషుది.

## తెలివికి అంకె వేసిన కాలం

1904లో ఫ్రాన్స్ విద్యాశాఖ ఒక కమిషన్ వేసింది. మామూలు తరగతిలో వెనకబడే పిల్లలను ఎలా గుర్తించాలి, వారికి వేరే సాయం ఎలా అందించాలి అన్నది దాని ముందున్న పని. దానికోసం మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే, అతని సహచరుడు థియొడోర్ సిమోన్ 1905లో 30 చిన్న పరీక్షల వరుస తయారుచేశారు. 1908లో వాటిని వయసుల వారీగా అమర్చారు. సగటున ఎనిమిదేళ్ల పిల్లలు చేయగలిగేవి ఇవి, పదేళ్లవాళ్లు చేయగలిగేవి ఇవి అని. తెలివి పుట్టుకతో బిగిసిపోయిన పరిమాణం అనే వాదాన్ని బినే గట్టిగా కాదన్నాడు. శిక్షణతో, అభ్యాసంతో అది పెరుగుతుందన్నాడు. అతని చేతిలో ఆ పరీక్ష సాయం ఎవరికి కావాలో చెప్పే సాధనం మాత్రమే.

1911లో బినే చనిపోయాడు. మరుసటి ఏడాది జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించమన్నాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ ఆ భాగఫలాన్ని వందతో గుణించి చూపించాడు. ఐక్యూ, అంటే ఇంటెలిజెన్స్ కోషెంట్ (తెలివి భాగఫలం), ఇలా పుట్టింది. ఎనిమిదేళ్ల పిల్ల పదేళ్ల స్థాయి పనులు చేస్తే ఆమె ఐక్యూ 125. ఈ లెక్క పెద్దవాళ్లకు చెల్లదు. నలభై ఏళ్ల మనిషికి యాభై ఏళ్ల మానసిక వయసు అంటే అర్థమేమీ లేదు కదా. అందుకే 1939 నుంచి డేవిడ్ వెక్స్‌లర్ పద్ధతి నిలబడింది. అదే వయసు వాళ్ల సగటును 100గా తీసుకుని, దానికి ఎంత దూరంలో ఉన్నారో చూస్తారు. దీని ప్రకారం మూడింట రెండు వంతుల మంది 85కీ 115కీ మధ్య ఉంటారు.

ఇక్కడ ఒక విషయం ఆగి చూడాలి. కిలో, మీటరు వంటి కొలత కాదు ఐక్యూ. బస్తా బరువు 100 కిలోలు అంటే పక్క బస్తాతో నిమిత్తం లేకుండా అది నిజం. ఐక్యూ 100 అంటే వరుసలో మధ్యన నిలబడ్డారని మాత్రమే. వరుస మారితే అంకె మారుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో ముడి మార్కులు పదేళ్లకు సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చాయని జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. సగటును మళ్లీ 100 దగ్గరకు తేవడానికి పరీక్షలను ఎప్పటికప్పుడు సరిదిద్దాల్సి వచ్చింది. రెండు మూడు తరాల్లో మనుషుల పుట్టుక మారిపోదు. బడి, పోషణ, పరీక్షల అలవాటు మారతాయి.

అంకె చేతికొచ్చాక దాన్ని బినే వద్దన్న పనికే వాడారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం 17 లక్షల మందికి పైగా పరీక్షలు పెట్టింది. అందులో ఒక ప్రశ్న క్రిస్కో అంటే ఏమిటని. మందా, క్రిమిసంహారకమా, పళ్ల పేస్టా, ఆహార పదార్థమా? అది అమెరికా వంటిళ్లలో వాడే ఒక రకం వనస్పతి కొవ్వు. ఓడ దిగి రెండేళ్లయిన ఇటలీ రైతుకు ఆ సంగతి తెలియకపోతే అతని తెలివికి మార్కులు తగ్గాయి. 1927లో అమెరికా సుప్రీంకోర్టు 'బక్ వర్సెస్ బెల్' తీర్పులో, మానసికంగా తక్కువవాళ్లని ముద్రపడినవారికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని సమర్థించింది. ఒక మాటకు అర్థం తేలకముందే దానికి అంకె వేస్తే ఎంత అన్యాయం జరగగలదో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

శాస్త్రజ్ఞుల మధ్య అర్థం మీద పేచీ ఇప్పటికీ నడుస్తోంది. ఒక రకం పరీక్షలో బాగా చేసినవారు మిగతా వాటిలోనూ బాగా చేయడం గమనించి, వెనుక ఒక సాధారణ శక్తి ఉందని చార్లెస్ స్పియర్‌మన్ 1904లో వాదించాడు. ఆ సహసంబంధం గట్టిదే, పదేపదే కనిపించిందే. దాని వెనుక ఉన్నది ఒకే వస్తువా అన్నదే వివాదం. ఒకటి కాదు, పలు రకాల తెలివి ఉందని 1983లో హోవర్డ్ గార్డ్‌నర్ అన్నాడు. 1923లోనే ఎడ్విన్ బోరింగ్ అసలు విషయం తేల్చి చెప్పాడు: పరీక్షలు దేన్ని పరీక్షిస్తాయో అదే ఇంటెలిజెన్స్.

తెలుగు ఇళ్లకు ఈ చరిత్ర దూరమేమీ కాదు. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 100 మార్కులకు 50 'మెంటల్ ఎబిలిటీ'కే. వరుసలో తర్వాత వచ్చే బొమ్మ ఏది, గుంపులో కలవని బొమ్మ ఏది వంటి ప్రశ్నలు ఆ పాత పరీక్షల వంశంలోవే. వాటికి కోచింగ్ ఉంది, కోచింగ్‌తో మార్కులు పెరుగుతాయి. తెలివి అభ్యాసంతో పెరుగుతుందన్న బినే మాటకైనా, ఆ పరీక్ష తెలివిని తప్ప ఇంకేదో కొలుస్తోందన్న అనుమానానికైనా అదొక సాక్ష్యం.

## తేట నీరు, మేలుకోవడం, పట్టి ఉంచడం

లాటిన్ మాట వెనుక ఏరడం ఉంటే, తెలుగు మాట వెనుక వెలుతురు ఉంది. 'తెలి' అంటే తెల్లని, స్వచ్ఛమైన. తెలియడం, తెలివి, తెలుపు, తెల్లవారడం అన్నీ అక్కడివే. 'తేట' కూడా ఆ కుటుంబంలోదే కనుక తెలివితేటలు అన్నప్పుడు ఒకే బొమ్మను రెండుసార్లు చెబుతున్నాం. తమిళంలో 'తెళివు' అంటే స్పష్టత, కన్నడలో 'తిళివు' అంటే ఎరుక. బిందెలో నీళ్లు కదలకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగి పైన తేరుకుంటాయి. ద్రావిడ భాషలకు తెలివి అంటే ఆ తేరుకోవడం.

ఈ కుటుంబంలో ఇంగ్లీషు మాటకు జరిగినదే తెలుగులోనూ జరగడం విశేషం. గ్రహించే శక్తి తెలివి. ఇంకొకరికి సమాచారం ఇవ్వడం తెలపడం. మూలం ఒకటే, కానీ రూపాలు వేరుపడ్డాయి కనుక తికమక రాలేదు. తెలివికి తెలుగులో ఇంకో అర్థం కూడా ఉంది: స్పృహ. 'తెలివి తప్పి పడిపోయింది', 'సాయంత్రానికి తెలివొచ్చింది' అంటాం. ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచిన మనిషికి వచ్చింది లెక్కలు చేసే శక్తి కాదు, తానున్నానన్న ఎరుక. ఈ అర్థాన్ని ఇంగ్లీషు ఇంటెలిజెన్స్ మోయలేదు.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'బుద్ధి'కి మూలం మేలుకోవడం. బుద్ధుడు, బోధ, ప్రబోధం అదే ధాతువు. తెలుగులో ఈ మాట నడవడిక వైపు జరిగింది. 'బుద్ధిమంతుడు' అంటే చెప్పిన మాట వినేవాడు. 'బుద్ధిగా కూర్చో' అంటే అల్లరి చేయకు. 'దొంగబుద్ధి' ఉన్నవాడికి తెలివి తక్కువని ఎవరూ అనరు. హైదరాబాద్ ఉర్దూలో వినిపించే 'అకల్' పైన చెప్పిన అరబ్బీ 'అఖ్ల్' కాక ఇంకేమీ కాదు. ఒంటె కాలికి బంధం వేయడం దాని మూల భావం. తెలివి అంటే అక్కడ అదుపు.

'మేధ' సంగతి వేరు. వీధిబడుల్లో తెలుగు పిల్లలు తరతరాలుగా వల్లించిన సంస్కృత నిఘంటువు అమరకోశం బుద్ధికి పర్యాయపదాలన్నీ ఒక వరుసలో చెప్పి, మేధను విడిగా నిర్వచిస్తుంది: 'ధీర్ధారణావతీ మేధా'. పట్టి ఉంచుకునే శక్తి గల బుద్ధి మేధ అని. విన్నదాన్ని నిలుపుకోవడం ఇందులో ప్రధానం.

ఏరడం, తేరుకోవడం, మేలుకోవడం, అదుపు, పట్టి ఉంచడం. ఒక్క ఇంటెలిజెన్స్ పేరు మీద ప్రపంచం ఇన్ని వేర్వేరు పనులను ఊహించుకుంది. ఏఐకి ఉందా లేదా అని అడిగేటప్పుడు వీటిలో ఏది అని అడగకపోతే జవాబు రాదు.

## యంత్రానికి ఈ పేరు ఎలా అంటింది

1950లో అలన్ ట్యూరింగ్ 'యంత్రాలు ఆలోచించగలవా' అనే ప్రశ్నను చర్చకే పనికిరానంత అర్థంలేనిదని పక్కనపెట్టి, దాని స్థానంలో ఒక ఆట ప్రతిపాదించాడు. రాతలో జవాబులు చదివి ఎదుట ఉన్నది మనిషో యంత్రమో చెప్పగలమా అని. ఐదేళ్ల తర్వాత జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ, నథానియల్ రోచెస్టర్, క్లాడ్ షానన్ ఒక వేసవి పరిశోధన కోసం రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు దరఖాస్తు రాశారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అనే పేరు ఆ దరఖాస్తుతో స్థిరపడింది. 1956లో డార్ట్‌మౌత్ కాలేజీలో ఆ సమావేశం జరిగింది. నార్బర్ట్ వీనర్ పేరుతో ముడిపడిన సైబర్నెటిక్స్ (యంత్రాల్లో, జీవుల్లో నియంత్రణను పరిశీలించే శాస్త్రం) నీడ పడకుండా ఉండాలని కూడా మెకార్తీ ఈ కొత్త పేరు ఎంచుకున్నాడు.

అక్కడికి వచ్చిన అలెన్ న్యువెల్, హెర్బర్ట్ సైమన్‌లకు ఆ పేరు నచ్చలేదు. తమ పనిని 'కాంప్లెక్స్ ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్' అని చాలాకాలం పిలుచుకున్నారు. సంక్లిష్ట సమాచారాన్ని నడిపించడం అన్నమాట. ఆ పేరే నిలిచి ఉంటే, యంత్రానికి మనసుందా అన్న చర్చ ఇంత తేలిగ్గా ఇంటింటికీ వచ్చేది కాదు. సమాచారం అనే మాటకు లేని ఆశలు, భయాలు ఇంటెలిజెన్స్‌కు అప్పటికే ఉన్నాయి: దేవదూతలవీ, ఐక్యూవీ, గూఢచారులవీ.

నేటి చాట్‌బాట్లను నడిపే భాషా నమూనా చేసే ప్రాథమిక పని ఇది: ఇప్పటిదాకా వచ్చిన మాటల తర్వాత రాగల ముక్కలన్నిటికీ సంభావ్యత లెక్కకట్టి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటుంది. మళ్లీ అదే పని చేస్తుంది. అంటే అక్షరాలా లాటిన్ అర్థంలోని ఏరడం. శిక్షణలో చదివిన కోట్ల వాక్యాల ఆనవాళ్లను తన అంకెల్లో నిలుపుకుంటుంది కనుక అమరకోశం చెప్పిన ధారణ కూడా ఒక మేరకు ఉంది. ఇలా చూస్తే 'కృత్రిమ మేధ' అనే అనువాదం ఊహించిన దానికన్నా బాగా కుదిరింది. తెలివొచ్చింది అన్నప్పటి తెలివి మాత్రం వేరే ప్రశ్న. పని చక్కగా జరగడం ఒక్కటే దానికి రుజువు కాదు.

ఈ రెంటినీ విడదీయడం భారతీయ తత్వశాస్త్రానికి కొత్త కాదు. సాంఖ్య దర్శనంలో బుద్ధి ప్రకృతి నుంచి పుట్టిన జడ పదార్థం. నిశ్చయించడం దాని పని. చైతన్యం పురుషుడిది, అంటే ఆత్మది. నిర్ణయించేది ఒకటి, ఎరుక గలది ఇంకొకటి. సాంఖ్యులు కంప్యూటర్లను ఊహించారని దీని అర్థం కాదు. తెలివినీ స్పృహనూ ఒకే మూటలో కట్టాల్సిన పని లేదని చూపే పాత ఉదాహరణ ఇది.

తెలుగు పత్రికలు బుద్ధిని వదిలి మేధను పట్టుకోవడానికి కారణం పైన చెప్పిన వాడుకలోనే కనిపిస్తుంది. హిందీలో 'కృత్రిమ్ బుద్ధిమత్తా' బాగానే నడుస్తోంది. తెలుగులో 'కృత్రిమ బుద్ధి' అంటే నటించే స్వభావమేమో అనిపిస్తుంది. మేధావి, మేధోవలస, మేధోమథనం, మేధోసంపత్తి హక్కులు వంటి మాటలతో మేధ అప్పటికే పత్రికా భాషలో కుదురుకుంది. ఇక 'కృత్రిమ' అంటే మూలార్థంలో చేసినది, తయారుచేసినది. తెలుగులో కృత్రిమ కొరత, కృత్రిమ నవ్వు వల్ల దానికి దొంగ అనే వాసన అంటింది. అందుకే కాబోలు మాట్లాడేటప్పుడు జనం రెండక్షరాల 'ఏఐ'తో సరిపెట్టుకుంటున్నారు.

## నిఘా అనే మాటలో తప్పిపోయినది

'నిఘా' పారసీ 'నిగాహ్' నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. చూపు అని అర్థం. ఇది మన పాత ఊహకు చక్కగా అతికింది: రాజులు చారుల ద్వారా చూస్తారని, మిగతా జనం కళ్లతో చూస్తారని సంస్కృత సూక్తి. కానీ చూపు సగం పనే. చూసినదాన్ని ఏరి, తూచి, కలిపి చదవడం మిగతా సగం. ఆ సగం నిఘా అనే మాటలో లేదు. 1968లో ఏర్పడిన మన విదేశీ గూఢచార సంస్థ పేరు చూస్తే తేడా తెలుస్తుంది. 'రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్'. చూపు మాట ఎక్కడా లేదు, పరిశోధన, విశ్లేషణ మాత్రమే ఉన్నాయి.

దీని ఫలితం వార్తల్లో కనబడుతుంది. 'నిఘా వైఫల్యం' అని చదివితే ఎవరో కాపలా మానేసి నిద్రపోయారన్న భావం కలుగుతుంది. 2001 సెప్టెంబరు 11 దాడులపై అమెరికా కమిషన్ 2004లో ఇచ్చిన నివేదిక చెప్పినది వేరు. తునకలు చాలావరకు వేర్వేరు సంస్థల దగ్గర ఉన్నాయి, వాటిని కలిపి చదివినవారు లేరు. చూపు ఉంది, ఏరిక లేదు. ఇలాంటి చోట 'విశ్లేషణ వైఫల్యం' అని రాస్తే పాఠకుడికి అసలు తప్పు ఎక్కడ జరిగిందో అందుతుంది.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వేలమంది చేసే 'బీఐ' ఉద్యోగం సరిగ్గా ఈ రెంటి మధ్యన ఉంది. బిజినెస్ ఇంటెలిజెన్స్ అంటే గూఢచర్యం కాదు, ఐక్యూ కాదు. అమ్మకాల లెక్కలను కలిపి చదవడం. 1958లో ఐబీఎం పరిశోధకుడు హాన్స్ పీటర్ లూన్ దీని గురించి రాస్తూ, ముందున్న వాస్తవాల మధ్య సంబంధాలను లక్ష్యం వైపు పని నడిపించేలా పట్టుకోగలగడమే ఇంటెలిజెన్స్ అన్నాడు. రెండు దారులూ కలిసే చోటు ఆ వాక్యం.

## మాట మారితే ఏం మారుతుంది

చట్టంలో మాట మారడం కాగితం మీద ఆగదు. 1995 నాటి వికలాంగుల చట్టం 'మెంటల్ రిటార్డేషన్' అంది. తెలుగులో దాన్ని బుద్ధిమాంద్యం అన్నారు. తెలుగులో బుద్ధికి నడవడిక అర్థం ఉండటంతో ఆ పిల్లల మీద, వారి తల్లిదండ్రుల మీద ఆ మాట అదనపు నింద మోపింది. 2016 చట్టం దాన్ని 'ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ'గా మార్చింది. తెలుగులో మేధో వైకల్యం. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ పేరు కూడా మారింది. కొత్త నిర్వచనం తర్కించడం, నేర్చుకోవడం, సమస్య పరిష్కరించడంతో ఆగకుండా, రోజువారీ పనులు, నలుగురితో మెలగడం కూడా చూడాలంటుంది. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే రిజర్వేషన్ వంటి ప్రత్యేక ప్రయోజనాలకు అర్హత వస్తుంది. బినే మొదట కోరుకున్నది కూడా ఇదే, సాయం ఎవరికి కావాలో తెలియడం.

ఏఐ విషయంలో చట్టాలు ఇంకో దారి పట్టాయి. 2024లో అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య ఏఐ చట్టం ఇంటెలిజెన్స్ అంటే ఏమిటో నిర్వచించే ప్రయత్నమే చేయలేదు. వేర్వేరు స్థాయుల్లో స్వతంత్రంగా నడుస్తూ, అందిన వాటి నుంచి అంచనాలు, సిఫార్సులు, నిర్ణయాలు, రాతలు ఎలా ఇవ్వాలో రాబట్టుకునే యంత్ర వ్యవస్థ అని పని ఆధారంగా చెప్పి వదిలింది. తెలివి ఉందా అన్న తగాదా జోలికి పోకుండా, ఏం చేస్తుంది, ఎవరికి నష్టం అన్నదాని మీద నియమాలు పెట్టడం తెలివైన దారే.

రెండు ఇంటెలిజెన్సులూ ఒకే గదిలో పనిచేసే రోజులివి. కెమెరాల్లో ముఖాలు పోల్చడానికి, ఫోన్ల సమాచారం జల్లెడ పట్టడానికి, రిపోర్టులు కుదించడానికి ఏఐని వాడుతున్నారు. ఇక్కడ కౌటిల్యుడి నియమం ఒకటి పనికొస్తుంది. అర్థశాస్త్రం ప్రకారం ముగ్గురు చారులు ఒకే మాట చెబితే దాన్ని నమ్మవచ్చు. ఆ చారుల స్థావరాలు మాత్రం ఒకదాని సంగతి ఒకదానికి తెలియకూడదు. ఆ షరతులోనే బలమంతా ఉంది. ఒకరి నుంచి ఒకరు విని చెప్పిన మూడు మాటలు ఒక్క మాట కిందే లెక్క. మూడు ఏఐ పరికరాలు ఒకే జవాబు ఇచ్చినప్పుడు అధికారి, విలేకరి, విద్యార్థి ముందు అడగాల్సింది అవి ఎంత తెలివైనవని కాదు, ఆ మూడూ ఒకే రాతలు చదివి పెరిగాయా అని.